పెద్ద సంఖ్యను చేతితో విడదీయడం ఎలా? కడప పిన్ కోడుతో మొదలుపెడదాం

పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఒకే ప్రశ్న. "సార్, ఆరంకెల సంఖ్య ఇచ్చి దానికి ఎన్ని కారణాంకాలున్నాయని అడిగారు. రెండు పేజీలు భాగహారాలు చేశాను, తేలలేదు. అది ప్రధాన సంఖ్య అని రాసేయవచ్చా?" రాసేయకూడదు. కానీ రెండు పేజీలు నింపాల్సిన అవసరమూ లేదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి వివరంగా రాస్తే మేలనిపించి ఇది రాస్తున్నాను.

ఎక్కడ మొదలుపెట్టాలో అందరికీ తెలుసు. రెండుతో, మూడుతో, అయిదుతో భాగించి చూడమని చిన్న తరగతుల్లోనే చెప్పారు. చాలామందికి తెలియనిది ఎక్కడ ఆపాలన్నది. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడివే.

ఉదాహరణకు 5,16,001 తీసుకుందాం. ఇది కడప హెడ్ పోస్టాఫీసు పిన్ కోడు. మొదటి అంకె 5 ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలకు చెందింది. 515 అంటే అనంతపురం వైపు, 516 కడప, 518 కర్నూలు. పిన్ కోడు చిరునామాకు గుర్తే తప్ప ఏదో లెక్కించి తేల్చిన మొత్తం కాదని నాకూ తెలుసు. అయినా ఇది పైకి అచ్చం ప్రధాన సంఖ్యలా కనిపిస్తుంది. మోసపోకుండా ఉండటం నేర్చుకోవాలంటే ఇలాంటి సంఖ్యే కావాలి.

కావలసినవి

నోటుబుక్కు, పెన్ను. పెన్సిలు వద్దు, చెరిపేస్తే తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత దొరకదు.

60 వరకు వర్గాల పట్టిక.

17 నుంచి 173 వరకు ఉన్న ప్రధాన సంఖ్యల జాబితా. దీన్ని అట్ట లోపలి వైపు రాసుకోండి: 17, 19, 23, 29, 31, 37, 41, 43, 47, 53, 59, 61, 67, 71, 73, 79, 83, 89, 97, 101, 103, 107, 109, 113, 127, 131, 137, 139, 149, 151, 157, 163, 167, 173. మొత్తం 34. ఇందులో 91, 119, 133 లేవని గమనించండి. 7×13, 7×17, 7×19 కాబట్టి వాటికి ఇక్కడ చోటు లేదు. చూడటానికి మాత్రం ప్రధాన సంఖ్యల్లాగే ఉంటాయి.

క్యాలిక్యులేటర్ సరిచూసుకోవడానికి మాత్రమే. మొదటిసారికి అరగంట సమయం పెట్టుకోండి.

1. సంఖ్యను రెండుసార్లు రాయండి

నవ్వకండి. 5,16,001కి బదులు 5,61,001 రాసుకుని గంటసేపు కష్టపడినవాళ్ళను చూశాను. ఒకసారి మనకు అలవాటైన కామాలతో రాయండి: 5,16,001. రెండోసారి కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టండి: 516 | 001. ఈ రెండో రూపం మూడో మెట్టులో కావాలి. మన కామాలు లక్షల దగ్గర రెండేసి అంకెలకు పడతాయి. వాటిని చూసి 5, 16, 001 అని విడగొడితే తర్వాతి పరీక్ష మొత్తం తప్పుతుంది.

2. హద్దు గీయండి

718 వర్గం 5,15,524. 719 వర్గం 5,16,961. మన సంఖ్య ఈ రెండింటి మధ్య ఉంది. అంటే 718 దాటి వెతకనక్కర్లేదు. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమైతే వాటిలో చిన్నది వర్గమూలాన్ని దాటలేదు. సిద్ధాంతం ఇంతే.

718 లోపు ప్రధాన సంఖ్యలు 127 ఉన్నాయి. అన్నిటితోనూ భాగించాలేమోనని కంగారుపడకండి. ఈ హద్దు త్వరలోనే తగ్గుతుంది. ప్రస్తుతానికి పేజీ పైన కుడిమూలలో "హద్దు 718" అని రాసి గుండ్రంగా చుట్టండి.

3. చిన్నవాటిని ఊదేయండి

చివరి అంకె 1, కాబట్టి 2, 5 పోయాయి. అంకెల మొత్తం 5+1+6+0+0+1 = 13, కాబట్టి 3 పోయింది. 3 పోతే 9 కూడా పోయినట్టే.

ఇక 7, 11, 13. వీటికి మూడు భాగహారాలు చేయకండి. 7×11×13 = 1001 కాబట్టి మూడిటినీ ఒక్క తీసివేతతో పరీక్షించవచ్చు. ఇందాకటి రెండో రూపంలో ఒక ముక్క నుంచి ఇంకో ముక్కను తీసేయండి: 516 − 1 = 515. ఇప్పుడు 515ను చూడండి. 7×73 = 511, 4 మిగిలింది. 11×46 = 506, 9 మిగిలింది. 13×39 = 507, 8 మిగిలింది. మూడూ పోయాయి.

జాగ్రత్త: ఇక్కడ వచ్చిన 4ను అసలు సంఖ్యకు శేషంగా రాయకండి. మనం ఎడమ ముక్క నుంచి కుడి ముక్కను తీసేశాం కాబట్టి గుర్తు తిరగబడింది. 5,16,001ని 7తో భాగిస్తే నిజంగా మిగిలేది 3. నిశ్శేషంగా భాగిస్తుందా లేదా తెలుసుకోవడానికి ఈ పద్ధతి చాలు. శేషమే అడిగితే కుడి ముక్క నుంచి ఎడమ ముక్కను తీసేయాలి.

4. పట్టిక తీయండి

మొదటిదే 17. 17×3 = 51 కాబట్టి 5,10,000 పోతుంది. మిగిలిన 6,001లో 17×350 = 5,950, ఇంకా 51 మిగిలింది, అది 17×3. సరిగ్గా సరిపోయింది.

5,16,001 = 17 × 30,353

5. హద్దును వెంటనే మార్చండి

ఈ మెట్టును దాటవేసేవాళ్ళే ఎక్కువ. ఒక కారణాంకం దొరికిన మరుక్షణం పాత సంఖ్యను మరిచిపోండి. ఇక మన సంఖ్య 30,353 మాత్రమే. 174 వర్గం 30,276, 175 వర్గం 30,625. కాబట్టి కొత్త హద్దు 174. "హద్దు 718" కొట్టేసి "హద్దు 174" రాయండి. మీరు రాసుకున్న పట్టిక 173 దగ్గర ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసిందిగా.

రెండో మాట: 17తో ఇంకోసారి భాగించి చూడండి. ఒకే ప్రధాన సంఖ్య రెండుసార్లు రావచ్చు. ఇక్కడ 17×1,785 = 30,345, 8 మిగిలింది, రాలేదు. కర్నూలు సంఖ్యలో మాత్రం ఇదే అసలు కిటుకు, చివర్లో చూస్తారు.

6. 30,353ను పగలగొట్టండి

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది నేరుగా పట్టిక వెంట పోవడం. పూర్తి భాగహారం బదులు చివర సున్నా తెప్పించే పద్ధతి వాడండి. 43ను పరీక్షించాలనుకోండి. 30,353 − 43 = 30,310. చివరి సున్నా తీసేస్తే 3,031. దీని చివర 1 ఉంది, 43×7 = 301 తీసేస్తే 2,730. సున్నా తీసేస్తే 273. ఇంకో 43 తీసేస్తే 230, అంటే 23. 23ను 43 భాగించదు, కాబట్టి 30,353నూ భాగించదు. సున్నాలను కొట్టేయడం వల్ల ఫలితం చెడదు, ఎందుకంటే 43కూ 10కీ ఉమ్మడి కారణాంకం లేదు.

67 దగ్గర చాలామంది తడబడతారు. 67×453 = 30,351. రెండే మిగులుతుంది. ఫోనులో భాగిస్తే 453.03 అని చూపిస్తుంది, అది దాదాపు 453 కదా అని సరిపెట్టుకుంటారు. దాదాపు అనే మాట ఇక్కడ చెల్లదు. దశాంశం ఎంత చిన్నదైనా సరే, అది ఉందంటే 67 కారణాంకం కాదు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఒకసారి తరగతిలో ఈ లెక్కే చేస్తూ 113 వరకు వచ్చి విసిగిపోయి, "ఇది ప్రధాన సంఖ్యే" అని బోర్డు మీద రాసేశాను. హద్దు 174 అని పైన నేనే రాశాను, దాన్ని నేనే చూడలేదు. మరుసటి రోజు ఒక కుర్రాడు లేచాడు. వాళ్ళింట్లో కడప బండల వ్యాపారం. "సార్, 127 కలపండి" అన్నాడు. 30,353 + 127 = 30,480. "అడుగుకు 30.48 సెంటీమీటర్లు సార్. అంగుళానికి 2.54, అందులో సగం 1.27. కాబట్టి 3,048 అంటే 127 ఇరవైనాలుగుసార్లు." అడుగుల్లో కొలిచి సెంటీమీటర్లలో బిల్లు రాసే ఇంట్లో పెరిగినవాడికి 3,048 కొత్త సంఖ్య కాదు. 30,480 = 127×240 కాబట్టి 30,353 = 127×239. నేను ఆపిన చోటుకు సరిగ్గా ఒక్క మెట్టు అవతల ఉంది జవాబు.

రెండో దారి వర్గాల తేడా. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి న్యాయవాది ఫెర్మా చూపించినది. సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయగలిగితే, ఆ రెండు వర్గాల మూలాల తేడానూ మొత్తాన్నీ కారణాంకాలుగా తీసుకోవచ్చు. 175తో మొదలుపెట్టండి.

175 వర్గం − 30,353 = 272
176కు 623
177కు 976
178కి 1,331
179కి 1,688
180కి 2,047
181కి 2,408
182కు 2,771
183కు 3,136

ప్రతిసారీ వర్గం కట్టనక్కర్లేదు. 272కు 351 కలిపితే 623, దానికి 353 కలిపితే 976, తర్వాత 355, 357 అంటూ రెండేసి పెంచుకుంటూ పోండి. సంపూర్ణ వర్గం 2, 3, 7, 8 అంకెలతో ఎప్పుడూ ముగియదు. కాబట్టి తొమ్మిదింటిలో నిజంగా చూడాల్సినవి 976, 1,331, 2,771, 3,136 మాత్రమే. 1,331ని చూసి ఆశపడకండి, అది 11 ఘనం, వర్గం కాదు. 3,136 మాత్రం 56 వర్గం. కాబట్టి 183 − 56 = 127, 183 + 56 = 239.

పట్టిక దారిలో 127 ఇరవైఅయిదో ప్రయత్నంలో దొరికేది. ఈ దారిలో తొమ్మిదోసారికే దొరికింది. అలాగని మొదటి నుంచే దీన్ని పట్టుకోకండి. రెండు కారణాంకాలు దగ్గరదగ్గరగా ఉంటేనే ఇది వేగంగా పనిచేస్తుంది. 5,16,001 మీద నేరుగా వాడితే 719తో మొదలై 1,199 దాకా పోవాలి, అంటే 481 ప్రయత్నాలు. చిన్నవాటిని ఏరేశాక పది పదిహేను మెట్లు ప్రయత్నించండి. తేలకపోతే పట్టికకు తిరిగి రండి.

7. ముక్కలు నిజంగా ప్రధాన సంఖ్యలేనా?

127కు హద్దు 11. 2, 3, 5 కావు. 7తో 1 మిగులుతుంది, 11తో 6. ప్రధాన సంఖ్యే. 239కి హద్దు 15. 7తో 1, 11తో 8, 13తో 5 మిగులుతాయి. ఇదీ ప్రధాన సంఖ్యే. 17 సంగతి చెప్పనక్కర్లేదు.

5,16,001 = 17 × 127 × 239

8. సరిచూడండి

తిరిగి గుణించడం మొదటి పద్ధతి. 17×127 = 2,159. దాన్ని 240తో గుణించి ఒక 2,159 తీసేయండి: 5,18,160 − 2,159 = 5,16,001.

పరీక్ష హాలులో అంత సమయం లేకపోతే తొమ్మిదుల పరీక్ష చేయండి. అంకెలు కూడుతూ ఒక్క అంకెకు తీసుకురండి. 17 → 8. 127 → 10 → 1. 239 → 14 → 5. వాటి లబ్ధం 40 → 4. అసలు సంఖ్య 13 → 4. కుదిరింది. కానీ ఇందులో ఒక లొసుగుంది. అంకెలు తారుమారైతే ఇది పట్టదు, 5,61,001కి కూడా 4 వస్తుంది.

అందుకే పదకొండుల పరీక్ష కూడా చేయండి. కుడి నుంచి ఒక అంకె కలుపుతూ, తర్వాతి అంకె తీసేస్తూ రండి: 1 − 0 + 0 − 6 + 1 − 5 = −9. దీనికి 11 కలిపితే 2. అటువైపు 17, 127, 239లను 11తో భాగిస్తే మిగిలేవి 6, 6, 8. వాటి లబ్ధం 288. దాన్ని 11తో భాగిస్తే 2 మిగులుతుంది. కుదిరింది. 5,61,001కి ఇదే చేస్తే 1 వస్తుంది, తప్పు బయటపడుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే ఈ పరీక్ష నుంచి తప్పించుకోలేవు.

9. ఇక గుణాలు చదవండి

ఇక్కడి నుంచి కష్టం లేదు. సంఖ్యను విడదీశాక పరీక్షలో అడిగేవన్నీ ఒకటి రెండు పంక్తుల్లో తేలిపోతాయి.

కారణాంకాలెన్ని? ప్రతి ప్రధాన సంఖ్య ఘాతానికి ఒకటి కలిపి గుణించండి: 2×2×2 = 8. అవి 1, 17, 127, 239, 2,159, 4,063, 30,353, 5,16,001. వేరుశనగ కాయల్ని సమానమైన వరుసల్లో పేర్చాలనుకున్నా ఈ ఎనిమిది వరుస కొలతలే సాధ్యం.

వాటి మొత్తం? 18×128×240 = 5,52,960. నమ్మకం లేకపోతే పై ఎనిమిదింటినీ కూడి చూడండి. అందులోంచి 5,16,001ని మినహాయిస్తే మిగిలేది 36,959. "తనను మినహాయించి" అని ప్రశ్నలో ఉందో లేదో చూసుకోండి. మార్కులు పోయేది అక్కడే.

దీనికంటే చిన్నవై, దీనితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలెన్ని? 16×126×238 = 4,79,808.

రెండు వర్గాల తేడాగా ఎన్ని విధాలుగా రాయవచ్చు? బేసి సంఖ్య, వర్గం కాదు, కాబట్టి ఎనిమిదిలో సగం, నాలుగు. అందులో ఒకటి 1,199 వర్గం − 960 వర్గం. రెండు వర్గాల మొత్తంగా? ఇది వలలాంటి ప్రశ్న. నాలుగుతో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలను అలా రాయవచ్చు, 17 = 16 + 1 లాగా. 5,16,001కి కూడా 1 మిగులుతుంది కదా అని "వీలవుతుంది" అని రాస్తారు. వీలుకాదు. 127, 239 రెండిటికీ 3 మిగులుతుంది, పైగా ఒక్కొక్కటి ఒకేసారి వచ్చాయి.

వరుస సంఖ్యల మొత్తంగా కావాలా? 17 సంఖ్యలు తీసుకుని 30,353ను మధ్యలో పెట్టండి: 30,345 నుంచి 30,361 వరకు.

ఇంకా పెద్ద సంఖ్యలైతే

ఫోను నంబరు ఇచ్చి విడదీయమని కొందరు అడుగుతారు. పదంకెల సంఖ్యకు హద్దు దాదాపు లక్ష దాకా పోతుంది. లక్ష లోపు ప్రధాన సంఖ్యలు 9,592. చేతితో వద్దు. కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచి, ఒక నిలువు వరుసలో భాజకాలు నింపి, పక్క వరుసలో శేషం చెప్పే మాడ్ సూత్రం పెట్టండి. సున్నా కనబడ్డ చోట కారణాంకం ఉన్నట్టు. అయితే పదిహేను అంకెలు దాటిన సంఖ్యను ఎక్సెల్‌లో రాస్తే చివరి అంకెలు సున్నాలైపోతాయి, అప్పుడు మీరు విడదీసేది వేరే సంఖ్యను. ఇంకొక మాట: సరదాకైనా సరే ఆధార్ నంబరునో బ్యాంకు ఖాతా నంబరునో తెలియని వెబ్‌సైటులో పెట్టి కారణాంకాలు అడగకండి.

ఇప్పుడు మీరు చేయండి

కర్నూలు 5,18,001. అనంతపురం 5,15,001. పుస్తకం మూసి, పై మెట్ల ప్రకారం చేసి, తర్వాతే కింది పేరా చదవండి.

కర్నూలు = 3 × 11 × 11 × 1,427. ఇందులో 11 రెండుసార్లు వచ్చింది. మీరు కారణాంకాలు 16 అని రాసి ఉంటే, రెండు 11లను వేరువేరుగా లెక్కపెట్టారన్నమాట. సరైన లెక్క 2×3×2 = 12. వాటి మొత్తంలో 11కు వచ్చే భాగం 12×12 కాదు, 1+11+121 = 133. కాబట్టి 4×133×1,428 = 7,59,696. దీన్ని సంపూర్ణ వర్గం చేయాలంటే ఏ కనిష్ఠ సంఖ్యతో గుణించాలని అడిగితే, జత లేనివి 3, 1,427 కాబట్టి 4,281.

అనంతపురం = 3 × 41 × 53 × 79. కారణాంకాలు 16, మొత్తం 4×42×54×80 = 7,25,760. 3, 41 తీసేశాక మీకు 4,187 మిగిలి ఉండాలి. అక్కడ హద్దు 64. వర్గాల తేడా పద్ధతి వాడినవాళ్ళకు రెండో ప్రయత్నంలోనే తేలి ఉంటుంది: 66 వర్గం 4,356, అందులోంచి 4,187 పోతే 169.